నాయన పంచె, అమ్మ చీర

గుడియాత్తంలో గంగమ్మ శిరసు ఊరేగేది వైకాశి ఒకటో తేదీన. ఇళ్లకు సున్నం కొట్టడం, అటకలు దులపడం, పెట్టెల్లోని గుడ్డలకు గాలి తగలనివ్వడం, అన్నీ దానికి ముందు వారంలోనే జరుగుతాయి. అట్లాంటి ఒక మధ్యాహ్నం, కౌండిన్య నదికి నాలుగు వీధుల అవతల ఒక మిద్దె ఇంట్లో, ఇద్దరు తోబుట్టువులు తల్లి ట్రంకుపెట్టెను వసారాలోకి లాక్కొచ్చారు. తల్లి పోయి ఏడాది దాటింది. పెట్టె తెరవడానికి ఇన్నాళ్లూ ఇద్దరికీ చేతులు రాలేదు.

అక్కకు 65 ఏళ్లు. లుంగీలు నేసే ఇంటికి కోడలిగా వచ్చి, గుంటమగ్గంలో కాళ్లు పెట్టుకుని 30 ఏళ్లు నేసిన మనిషి. తమ్ముడు ఆమెకంటే పదేళ్లు చిన్న. వేలూరులో లాండ్రీ నడుపుతాడు. 1900లో ఐడా స్కడ్డర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల ఇవాళ దేశం నలుమూలల నుంచి రోగులు వచ్చే సి.ఎం.సి. ఆసుపత్రి అయింది. దాని చుట్టుపక్కల లాడ్జీల్లో వారాల తరబడి దిగేవాళ్ల గుడ్డలే అతని బతుకుతెరువు. నెత్తురు, టింక్చరు, రకరకాల మందులు. మిగతా లాండ్రీలకు ఎప్పుడో ఒకసారి వచ్చే మరకలు అతని బల్ల మీదికి రోజూ వస్తాయి. ఇద్దరూ వీధిలో తమిళం మాట్లాడతారు. ఇంట్లో మాత్రం తెలుగే, చిత్తూరు సరిహద్దు తెలుగు.

పెట్టెలో పైన ఎండిన వేపాకు, దాని కింద తెల్ల పంచె. తమ్ముడు మడతలు విప్పి వెలుగుకు ఎత్తి పట్టుకున్నాడు. ఒక మచ్చను బొటనవేలితో నలిపాడు, వాసన చూశాడు, తిరగేసి వెనకవైపు చూశాడు.

"అక్కా, ఇవి మూడు మరకలు. మడత మీద ఈ నారింజ రంగుది పెట్టె బందు తుప్పు. కుచ్చెళ్ల దగ్గర ఈ ఎర్ర చుక్కలు నాయన తాంబూలం. ఇదిగో, అంచు తెలీకుండా పసుపచ్చగా పాకింది చూడు, ఇది నూనె. విస్తట్లోంచి ఒళ్లో పడినట్టుంది. మూడింటికీ మూడు మందులు."

"మరకలు లెక్కపెట్టే పని నీది. నాకు అది నాయన పంచె, అంతే."

"నాయన పంచె కాబట్టే బాగు చేద్దామంటా ఉండా."

"బాగు చేసేదంటే ఉతికేదేనా?"

వచ్చే నెలలో అక్క మనవరాలి పెళ్లి. ఆ పిల్ల ముత్తవ్వ పట్టుచీర కట్టుకుంటానని పట్టుబట్టింది. ముత్తాత పంచెను పీట మీద పరుస్తానంది. వాదం అందుకే వచ్చింది. లేకుంటే పెట్టె ఇంకో ఏడాది అట్లాగే ఉండేది.

తమ్ముడిది దుకాణం బల్ల మీద నేర్చుకున్న నమ్మకం. మరకకు మాయమంత్రం ఏమీ లేదు, రెండు సంగతులు తెలిస్తే చాలునంటాడు. ఏమి పడింది, ఎప్పుడు పడింది. "వేరుశెనగ నూనె ఇప్పుడే పడిందనుకో, పౌడరు చల్లితే సగం పీల్చేస్తుంది, మిగతాది సబ్బుకు పోతుంది. అదే ఇరవై ఏళ్లు ఉంటే గాలి తగిలి ముదిరి పొర కడుతుంది. అప్పుడది నూనె కాదు, వార్నీషుకు చుట్టం. నెత్తురైతే చన్నీళ్లు. వేణ్ణీళ్లు పోసినావంటే గుడ్డు ఉడికినట్టు ఉడికి దారంలో గడ్డకడుతుంది. పోయిన వారం ఒకాయన గంజి పెట్టిన తెల్లచొక్కా తెచ్చినాడు. అయోడిన్ మందు పడి నల్లటి నీలమైపోయింది. ఇంకు ఒలికిందనుకొని ఆశ వదులుకున్నాడాయన. విటమిన్ సి మాత్ర పొడి చేసి నీళ్లలో కలిపి పోస్తే కళ్ల ముందే తెల్లబడింది. గంజి మీద అయోడిన్ పడితే నీలమవుతుంది, ఆ మాత్ర అయోడిన్‌ను రంగు లేకుండా చేస్తుంది. మరక ఏందో తెలిస్తే సగం పని అయినట్టే."

"మూడోది మర్చిపోయినావు," అంది అక్క. "దేని మీద పడిందని అడగలేదు నువ్వు."

ఆ మధ్యాహ్నమంతా ఆ మూడో ప్రశ్న చుట్టూనే తిరిగింది. నిజానికి ఇళ్లలో చేతులు మారే చిట్కాలను గమనిస్తే వాటిలో మరక పేరుంటుంది, మందు పేరుంటుంది, గుడ్డ పేరు మాత్రం ఉండదు. పాత బట్టలు ఎక్కువగా పాడయ్యేది అక్కడే. మరక చేసే నష్టం కంటే మరక తీయబోయిన చెయ్యి చేసే నష్టం చాలాసార్లు పెద్దది.

అందుకు సాక్ష్యం అదే పెట్టెలో దొరికింది. అక్క ఒక తువ్వాలు తీసి పరిచింది. దాని మీదా పెట్టె తుప్పే. తల్లి ఉన్న రోజుల్లో కోడలు తెల్లబడుతుందని బ్లీచింగ్ నీళ్లు పోసింది. తుప్పు రంగు అట్లాగే ఉంది, నడిమధ్యన మాత్రం మినపగింజంత చిల్లు.

"తుప్పుకు బ్లీచింగ్ మందు కాదక్కా, మేత. తుప్పంటే ఇనుము. పులుపు దాన్ని కరిగిస్తుంది గాని బ్లీచింగ్ కదిలించలేదు. పైగా ఇనుము ఉన్నచోట బ్లీచింగ్ ఇంకా రెచ్చిపోయి నూలును కొరుకుతుంది. అందుకే చుట్టూ బాగుండి మధ్యలో చిల్లు పడింది."

"మరి నీ పులుపు కొరకదా?"

"మిగిల్చితే అదీ కొరుకుతుంది. ఒక్క మడత నా చేతికియ్యి. లోపలి వైపుదే. బాగాలేదంటే నీ మాటే."

అక్క కాసేపు ఆలోచించి, లోపలికి పోయే కొస మడత చూపించింది. తమ్ముడు ముందు మంచినీళ్లతో ఆ చోటు తడిపాడు. పొడి గుడ్డ మీద ఏ మందు పోసినా అది అంచుకు పాకి కొత్త మరక గీస్తుందని అతని భయం. కింద పింగాణీ సాసరు పెట్టాడు. మచ్చ మీద మెత్తటి ఉప్పు చిటికెడు చల్లి, నిమ్మచెక్క పిండాడు. వేలితో రుద్దలేదు, చెక్కతో నాలుగుసార్లు అద్దాడు. తర్వాత సాసరుతో సహా మెట్టు మీద ఎండలో పెట్టాడు. పది నిమిషాలకు ఉప్పు పసుపచ్చబడింది. నీళ్లతో కడిగి మళ్లీ ఉప్పు, మళ్లీ నిమ్మకాయ. నాలుగో విడతకు నారింజ రంగు పోయి, పాలల్లో టీ చుక్క కలిపినంత ఛాయ మిగిలింది. అప్పుడు ఆపి, ఆ మడతను అయిదు బకెట్ల నీళ్లలో మార్చి మార్చి జాడించాడు. చివరి బకెట్ నీళ్లు నాలుక కొసకు తగిలించి చూశాడు, పులుపు లేదని నమ్మకం కుదిరాకే పిండాడు. దుకాణంలో దీనికి వాడేది ఆక్సాలిక్ ఆమ్లమనీ, అది విషం కాబట్టి ఇళ్లలోకి తేకూడదనీ, దాని నీళ్ల దగ్గర ఇట్లా నాలుక పెట్టే పని అసలే చేయకూడదనీ చెప్పాడు.

అక్క ఆ చోటును రెండు వేళ్ల మధ్య పెట్టి నేత చూసింది. పడుగు పేక రెండూ గట్టిగానే ఉన్నాయి. "తుప్పు తియ్యి," అంది. "తాంబూలం ముట్టొద్దు."

"తాంబూలం నేను ముట్టినా పోదులే. ఏళ్లయింది. అమ్మ దీని మీద సబ్బు రుద్ది రుద్ది ఇంకా ముదరబెట్టింది. వక్కలో వగరుంది గదా, దానికి సున్నం తగిలితేనే నోరు పండేది. సబ్బులోనూ సున్నం మాదిరి క్షారమే. రుద్దేకొద్దీ ఎరుపు ముదురుతుంది."

"నాయనను తిట్టుకుంటా రుద్దేది, గుర్తుందా?"

"గుర్తుంది."

ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు.

తర్వాత అక్కే అందుకుంది. "వగరంటే తంగేడు చెక్కలో ఉండేదే గదా. మా మామ చెప్పేవాడు, ఈ పక్క తోళ్లషాపుల్లో క్రోమ్ రాకముందు తంగేడు చెక్కతోనే తోలు పదును చేసేవాళ్లంట."

"అదే ఇది. వగరు తోలును పట్టుకుంటే వదలదు, అందుకే తోలు కుళ్లదు. పట్టూ అంతే, అదీ పురుగు ఒంట్లోంచి వచ్చిందే. అందుకే టీ గాని తాంబూలం గాని నూలు కంటే పట్టును గట్టిగా పట్టుకుంటుంది."

"మరి శ్రీకాళహస్తిలో ఏం చేస్తారు? కరక్కాయా పాలూ కలిపిన దాంట్లో గుడ్డను ముంచి ఆరబెట్టుకుంటారు. ఇనుపముక్కలూ బెల్లమూ నానబెట్టిన నీళ్లలో కలం ముంచి గీస్తారు. గీసిన చోట నల్లబడుతుంది. కరక్కాయది వగరు, ఆ నీళ్లలోది తుప్పు. నువ్వు మరక అనేదాన్ని వాళ్లు కలంకారీ అంటారురా."

"అందుకే తుప్పు నీళ్లు తాంబూలం వైపు పోకుండా సాసరు పెట్టింది. రెండూ కలిస్తే నాయన పంచె మీదా కలంకారీనే."

తోళ్ల మాట వచ్చాక వేలూరు పక్కన నీళ్ల మాట రాకుండా ఉండదు. వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట తోళ్ల పరిశ్రమలు వదిలిన నీళ్లు పాలారును ఏం చేశాయో సుప్రీంకోర్టు 1996 ఆగస్టు 28 నాటి తీర్పులో వివరంగా ఉంది. వేలూరు పౌర సంక్షేమ వేదిక వేసిన కేసు అది, జస్టిస్ కుల్దీప్ సింగ్ రాసిన తీర్పు. కిలో తోలు తయారు కావడానికి దాదాపు 35 లీటర్ల నీళ్లు పడతాయనీ, తోళ్ల పరిశ్రమలున్న ప్రాంతంలో 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతో పూర్తిగానో పనికిరాకుండా పోయిందనీ కోర్టు ముందుకు వచ్చింది. పాడు చేసినవాళ్లే బాగుచేసే ఖర్చు భరించాలన్న సూత్రం ఈ దేశపు చట్టంలో భాగమేనని కోర్టు ఆ తీర్పులోనే చెప్పింది. ఒక్కో తోళ్ల పరిశ్రమకు 10,000 రూపాయల జరిమానా వేసింది. దాదాపు మూడు దశాబ్దాల తర్వాత, 2025 జనవరి 30న, అదే పాలారు గురించి అదే కోర్టు మళ్లీ తీర్పు చెప్పాల్సి వచ్చింది. చొక్కా మీది మరకకు గంట చాలు. నదికి ఎన్నేళ్లు పడుతుందో ఈ రెండు తేదీల మధ్య దూరాన్ని చూస్తే కొంత అర్థమవుతుంది.

"అమ్మ ఏటికి పోయి ఉతికిన రోజుల్లో కుంకుడుకాయ నురగే మోచేతి దాకా వచ్చేది," అంది అక్క. "ఇప్పుడు బోరు నీళ్లలో సబ్బు సగం అరిగినా నురగ రాదు. నువ్వు మరక తీసినా ఆ నీళ్లు మళ్లీ మరకేస్తాయి."

ఈ మాట తమ్ముడు ఒప్పుకున్నాడు. ఉప్పునీళ్లలోని సున్నపు లవణాలు సబ్బుతో కలిసి కరగని మడ్డి అవుతాయి. తెల్లబట్టలు కొన్నాళ్లకు మాసిన బూడిదరంగుకు తిరిగేది ఆ మడ్డి దారాల్లో పేరుకునే. దాని మీద జనం నీలిమందు పోస్తారు. నీలిమందు పసుపును తీయదు, పైన నీలపు ఛాయ కప్పి కంటికి తెల్లగా చూపిస్తుంది. నూలుబట్టలకైతే ఉతికే ముందు నీళ్లలో చారెడు చాకలిసోడా వేసుకోవాలనీ, చివరి జాడింపులో రెండు చెంచాల వెనిగర్ కలిపితే పాత మడ్డి కొంత వదులుతుందనీ అతని సలహా.

"సరే, నీ దుకాణం నీళ్లు యాడికి పోతాయి?"

తమ్ముడు వెంటనే జవాబు చెప్పలేదు. "కాలవలోకే," అన్నాడు కొంచెం ఆగి. "ముందు మాదిరి బ్లీచింగ్ వాడడం లేదక్కా. తెల్ల దుప్పట్లకు ఆక్సిజన్ పౌడరు తెచ్చినా. వేణ్ణీళ్లలో వేస్తే చివరికి మిగిలేది సోడా, నీళ్లు, గాలి. ఖర్చు ఎక్కువే. కానీ ఉతకొద్దంటే ఎట్లా? రోగి పడుకున్న దుప్పటి ఉతకకుండా ఇంకొకరికి పరుస్తామా? ఇంకో మాట విను. మరక ఊరికే కూర్చోదు, తింటా ఉంటుంది. తుప్పు నూలును తింటుంది. బూజు గుడ్డను తినే బతుకుతుంది. తీపి పడిన చోటికి బొద్దింకలు వస్తాయి. లేత కొబ్బరినీళ్లు పడితే ఆ రోజు ఏమీ కనబడదు. ఉతక్కుండా మడతపెట్టినావంటే కొన్నాళ్లకు అదే చోట గోధుమరంగు మచ్చ లేస్తుంది. ఏమీ చేయకుండా వదిలేస్తే గుడ్డ బాగుంటుందనేది నీ భ్రమ. వదిలేయడం కూడా ఒక పనే."

అతను ఆ రోజు చెప్పినవాటిలో ఇది అన్నిటికంటే బలమైన మాట. పాత వస్తువులంటే ప్రేమ ఉన్నవాళ్లు తరచు పొరబడేది ఇక్కడే. ముట్టుకోకపోవడమే కాపాడడమనుకుంటారు.

అక్క దగ్గర దీనికి ఇంకో రకం జవాబు ఉంది. గుడియాత్తం నేతగాళ్లు తమ ఊరి గురించి గర్వంగా చెప్పుకునే మాట ఒకటుంది. స్వతంత్రం వచ్చినప్పుడు ఎగిరిన తొలి జెండాల గుడ్డ ఈ ఊరి మగ్గాల మీద నేసిందేనని. పింగళి వెంకయ్య 1921లో బెజవాడలో గాంధీకి చూపిన జెండా రూపం తెలుగువాళ్ల గర్వమైతే, నేత తమదని ఈ ఊరి మాట. మద్రాసు సెయింట్ జార్జి కోట మీద 1947 ఆగస్టు 15 తెల్లవారుజామున ఎగిరిన పట్టు జెండా ఇప్పటికీ ఉంది. సుమారు 12 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు. 2013 నుంచి కోటలోని మ్యూజియంలో చూడవచ్చు. మనవరాలితో పోయి అక్క దాన్ని చూసింది.

"అద్దాల పెట్టెలో పెట్టినారు. గాలి దూరదు. చుట్టూ గిన్నెల్లో తేమ పీల్చే గుళికలు. వెలుతురు కూడా కొలిచి ఇస్తారంట. వాళ్లు దాన్ని వదిలేయలేదురా, ఊరికే ఉతకనూ లేదు. చల్లగా, పొడిగా, చీకట్లో పెట్టుకున్నారు. నేను చెప్పేది అదే."

"పెళ్లికూతురు అద్దాల పెట్టెలో కూర్చోదు గదక్కా."

అప్పుడు చీర బయటికొచ్చింది. అరటిపువ్వు రంగు పట్టు, వెండిజరీ అంచు. జరీ మీది బంగారు పూత అరిగి కొన్నిచోట్ల లోపలి వెండి నల్లబడింది. కొంగు దగ్గర అరచెయ్యంత పసుపు మరక, ఏ పెళ్లిలోనో నలుగు నాటిది. అక్క ఆ మరకను చూడలేదు. మడత పడిన గీత వెంబడి వేలు పోనిచ్చింది. అక్కడక్కడ పడుగు తెగి, పేక దారాలు మాత్రమే పట్టుకుని ఉన్నాయి.

తమ్ముడు వంటింట్లోంచి పసుపు తెప్పించి, పనికిరాని తెల్లగుడ్డకు పూసి సబ్బు రుద్దాడు. గుడ్డ ఎర్రబడింది. మనవరాలు హడలిపోయింది. హారతి పళ్లెంలో ఎర్రనీళ్లు ఎట్లా తయారవుతాయో గుర్తుచేశాడు: పసుపునీళ్లలో సున్నం. సబ్బు చేసేదీ ఆ పనే. భయపడి బ్లీచింగ్ పోయక్కర్లేదు, కడిగి కొంచెం నిమ్మరసం తగిలిస్తే మళ్లీ పసుపచ్చనవుతుంది. ఆ పసుపచ్చను తీసేది ఎండ. నూలుగుడ్డ తడిపి రెండు మూడు రోజులు ఎండేస్తే పసుపు దానంతటదే వెలిసిపోతుంది.

"అయితే చీర ఎండలో వేద్దామా తాతా?" అని అడిగింది పిల్ల.

"వద్దు," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఎండకు పసుపు పోతుంది. ఎండకే పట్టు కూడా పెళుసెక్కుతుంది, రంగు వెలుస్తుంది. కుంకుడుకాయ నురగతో చన్నీళ్లలో మెల్లగా ముంచి తీద్దామని తమ్ముడి ఆలోచన. అక్క దానికీ ఒప్పుకోలేదు. నూలు తడిస్తే గట్టిపడుతుంది, పట్టు తడిస్తే బలం తగ్గుతుంది. ఇది నేసేవాళ్లకు చేతికే తెలుసు. ఆరు గజాల చీర నీళ్లు పీల్చుకున్నాక దాని బరువును అదే మోయాలి. మడతల దగ్గర పేకలు మాత్రమే మిగిలిన చీర ఎట్లా మోస్తుంది?

తమ్ముడు చీర అంచును ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత ఎవరూ అడక్కుండానే చెప్పాడు.

"దుకాణం పెట్టిన కొత్తల్లో ఒక పెద్దావిడ తెల్లపట్టు చీర తెచ్చింది. ఆవకాయ మరక. చిన్నదే. బ్లీచింగ్ కలిపిన నీళ్లు దూదితో అద్దినా. నూలుకు అట్లాగే చేసేవాణ్ని. మరక పోయింది. చూస్తా ఉండగానే ఆ చోట పట్టు జిగురుగా అయి, వేలు తగిలితే ఊడొచ్చింది. బ్లీచింగ్‌కు పట్టు కరిగిపోతుందని నాకు అప్పటిదాకా తెలీదు. డబ్బులిస్తానంటే తీసుకోలేదు. ఒక్క మాట అనలేదు. మడతపెట్టి సంచిలో పెట్టుకొని పోయింది. అది ఎవరి చీరో, ఎప్పటిదో నేను అడగనే లేదు."

అక్క ఏమీ అనలేదు. చీరను మళ్లీ అందుకుని, పాత గీతల మీద కాకుండా కొత్త చోట్ల మడతలు వేయడం మొదలుపెట్టింది. ఎంజైములున్న పౌడర్లూ పట్టుకు అంతే ప్రమాదమని తమ్ముడు మనవరాలికి చెప్పాడు. నెత్తురు, గుడ్డుసొన లాంటి మాంసకృత్తుల మరకలను తినడానికే ఆ ఎంజైములు పెడతారు. పట్టూ మాంసకృత్తే. అవి తేడా చూడవు. ఉతికి గంజి వదిలించిన నూలుగుడ్డలో చీరను చుట్టిపెట్టాలని, నాఫ్తలీన్ ఉండలు జరీకి తగలకూడదని, మూడు నెలలకోసారి మడతలు మార్చాలని ఇద్దరూ కలిసే నిర్ణయించారు. పెళ్లిలో ఎంతసేపు కట్టుకోవచ్చన్నది మాత్రం తేలలేదు. అక్క అసలు వద్దంది, భుజాన వేసుకోమంది. తమ్ముడు మాత్రం, మడతల వెనక పలుచటి పట్టుగుడ్డ ఆనించి కుట్టిస్తే ఒక గంట కట్టుకోవచ్చునంటాడు.

పెట్టెలో దొరికిన గళ్ల లుంగీ గురించి పెద్ద వాదం లేదు. దాని ఎరుపు పక్కనున్న తెల్లగళ్లలోకి దిగింది. రంగు దిగినదాన్ని హైడ్రోస్ అనే మందుతో తీయవచ్చు గాని అసలు రంగూ దాంతోపాటే పోతుంది. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని అక్క నమ్మకం. అద్దకం తొట్టిలో ఉప్పు పని చేస్తుంది గాని, అద్దకం అయిపోయిన గుడ్డకు చేసేదేమీ లేదని తమ్ముడు. అక్క దానికి ఒప్పుకోకుండా మద్రాసు గళ్లగుడ్డ కథ చెప్పింది. 1958లో కెప్టెన్ సి.పి. కృష్ణన్ నాయర్ అనే గుడ్డల వ్యాపారి దగ్గర ఒక అమెరికా వ్యాపారి ఈ గళ్లగుడ్డ కొని బ్రూక్స్ బ్రదర్స్ అనే పెద్ద కంపెనీకి అమ్మాడు. మెల్లగా చన్నీళ్లలో ఉతకాలన్న మాట కొన్నవాళ్లకు చేరలేదు. వాషింగ్ మిషన్లలో వేసేసరికి రంగులు ఒకదాంట్లోకొకటి దిగాయి. పెద్ద గొడవే అయింది. చివరికి ఆ రంగు దిగడాన్నే దాని గొప్పగా ప్రచారం చేసి అమ్మారు. ఉతికినప్పుడల్లా కొత్త గుడ్డ అవుతుందన్నారు, జనం ఎగబడి కొన్నారు. మరక అన్న మాటను తిరగరాయగలిగితే సరుకు అమ్ముడుపోతుందని ఆ వ్యాపారులకు తెలిసింది. అయితే ఆ గుడ్డ నేసిన చేతులకు తెలిసింది వేరు: రంగు నిలవకపోతే మొదట మాటపడేది తామేనని. అక్క ఆ కథను ఎప్పుడు చెప్పినా రెండో సగం దగ్గర గొంతు తగ్గుతుంది.

సాయంత్రం పంచె ఆరింది. వసారా నీడలో దండెం మీంచి తీసి మడతపెట్టబోతూ అక్క కొస మూల దగ్గర ఆగింది.

"ఇంత తెలిసినవాడివి, దీన్నెట్లా వదిలేసినావు? ఇదీ మరకే గదా."

మూలన బియ్యపుగింజంత నల్లటి గుర్తు. మూడు చుక్కలు, పక్కన ఏటవాలు గీత.

తమ్ముడు చేతిలోకి తీసుకున్నాడు. "ఇది మరక కాదక్కా, నల్లజీడి. ఇది ఏ మందుకూ పోదు, పోకూడదనే పెట్టింది."

నల్లజీడి గింజను సూదితో పొడిచి, ఊరిన రసంతో బట్ట మూలన గుర్తు పెట్టి, పైన తడి సున్నం అద్దేవాళ్లు. గాలి తగిలేకొద్దీ నల్లబడుతుంది. బానలో ఉడికినా, బండ మీద వెయ్యిసార్లు బాదినా చెదరదు. ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు. ఊరి బట్టలన్నీ ఒకే ఉబ్బలో వేసినా, ఎవరివి వాళ్ల గుమ్మంలో దిగేది ఆ గుర్తు వల్లనే. అక్షరాలు రాయడం రానివాళ్లు పెట్టుకున్న రాత అది. ఆ రసం ఒంటికి పడితే పొక్కులు లేస్తాయి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఈ దేశంలో ఉన్న విదేశీ సైనికులకు మెడ వెనక, నడుం దగ్గర దద్దుర్లు వస్తుంటే, కారణం బట్టల మీది చాకలి గుర్తేనని డాక్టర్లు కనిపెట్టి 1943లో రాశారు. అయినా పొక్కుల్ని ఎక్కువగా భరించింది మాత్రం రోజూ ఆ గింజ పొడిచిన వేళ్లే.

"మన బట్టలుతికిన రేవు తాత పెట్టిందేనా ఇది?" అడిగింది అక్క.

"ఆయనే. నేను బళ్లో చేరకముందు ఆయన వెనకే రేవుకు పోయేవాణ్ని గదా. మన గుర్తు ఇదేనని చూపించినాడు. మూడు చుక్కలూ మన ఇంటివాళ్ల లెక్కేనని అప్పుడు అనుకున్నా. కాదు, మన తాత నాటినుంచీ ఇదే గుర్తంట."

అక్క చిల్లుపడిన తువ్వాలును దగ్గరికి లాక్కుని మూలలు వెదికింది. మూడో మూలన దొరికింది, మూడు చుక్కలూ గీతా. తలగడ గలేబు ఒకటి తీసింది, దాని మీదా ఉంది. తర్వాత పెట్టె అడుగుదాకా చెయ్యి పెట్టి, ఒక్కో గుడ్డనే బయటికి తీసి మూలలు చూడడం మొదలుపెట్టింది. గుర్తున్నవి ఒక పక్క, లేనివి ఒక పక్క. కళ్లద్దాలు లేక ఆమెకు ఆనకపోతే తమ్ముడు ఫోన్ లైటు వేసి పట్టుకున్నాడు. వేలూరు బస్సు ఆరున్నరకు. ఏడు దాటాక కూడా ఇంకా సగం పెట్టె మిగిలే ఉంది.